మనవాణ్ణే అనలేదు

పోలీసులు వస్తున్నారట. వస్తున్నారు, దారిలోనే ఉన్నారు అని మా సైకిళ్ళ గుంపు పెద్ద ఎవెలియో గారు ఫోను చెవికి ఆనించుకుని అప్పట్నుంచీ అంటూనే ఉన్నారు. బొగోటాలో సాయంత్రం వాన చెప్పకుండా వస్తుంది, పోలీసులు చెప్పి కూడా రారు. వాన ఇందాకే వచ్చి పోయింది, వంతెన మొదట్లో ఈ సిమెంటు కప్పు కింద మేమందరం సైకిళ్ళు పట్టుకుని నిలబడ్డాం, ప్లాస్టిక్ వానకోట్ల అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి, మా మధ్యలో నేలమీద వాడు కూర్చున్నాడు. కాళ్ళకు బూట్లు లేవు. పారిపోకుండా ఎవరో ఊడబీకి కాలువలోకి విసిరేశారు, దొంగ దొరికితే మావాళ్ళు ముందు చేసే పని అదే. కింది పెదవి చిట్లింది, అది మా గుంపులోని నూబియా కొట్టిన దెబ్బ, వట్టి చేత్తోనే కొట్టింది, సైకిలు తాళం గొలుసు ఇంకా ఆమె మెడలోనే ఉంది. ఈల వేసింది నేను. నా ఈల విని వీళ్ళంతా పరుగెత్తుకొచ్చారు, సైకిళ్ళు ఎక్కడివక్కడ పడేసి మరీ వచ్చారు, నా మీద ఈగ వాలనివ్వలేదు, వీళ్ళ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలి నేను. కానీ వాడు దొంగో కాదో నాకు తెలియదు. ఈ మాట పైకి అనకూడదు. మనసులో కూడా మెల్లిగా అనుకోవాలి, నూబియా నా మొహం చదివేస్తుంది.

జరిగింది ఇంతే. కార్ఖానాలో చొక్కాలకు కాలర్లు కుట్టడం ముగించుకుని, వానకోటు తగిలించుకుని, కాలువ గట్టు మీద సైకిల్ బాట వెంట ఒక్కదాన్నే వస్తున్నాను, గుంపును అందుకోవాలని గబగబా తొక్కుతున్నాను, ఎందుకంటే వంతెన ఎవరూ ఒంటరిగా దాటరు, ఒక గుంపు వెళ్ళిపోతే ఇంకో గుంపు కూడేదాకా పడిగాపులు పడాలి. వెనక టైరు చప్పుడు. తడి సిమెంటు మీద చిరచిర. మా బాట మీద వెనకనుంచి వచ్చేవాడు దూరం నుంచే కేక వెయ్యాలి, "ఎడమవైపు వస్తున్నా, మనవాణ్ణే!" అని, ఆడదైతే మనదాన్నే అని, ఎవరు పెట్టారో ఈ కట్టుబాటు, చంటిపిల్లలకు కూడా తెలుసు, ఆ కేక వినబడితే ఒళ్ళు తేలికపడుతుంది, వినబడకపోతే అరచేతుల్లో చెమట పడుతుంది. నేను ఎదురుచూశాను. ఇప్పుడంటాడు, ఇదిగో ఇప్పుడంటాడు. అనడే! చప్పుడు మీదికొచ్చేసింది, నా నడుము పక్కన ఒక చెయ్యి, వానకోటును ఏదో లాగినట్టయింది, అంతే, ఈల నోట్లోకి ఎలా వచ్చిందో నాకే తెలియదు, ఊపిరంతా ఊదేశాను. వాడు ఒకే ఒక్క మాట అన్నాడు, అందరూ మీద పడ్డాక, చేతులు నెత్తిమీద పెట్టుకుని. "కోటు కొస చక్రంలో పడిపోతోంది, తీద్దామని..." అంతే, మిగతా మాట నూబియా చెంపదెబ్బలో కలిసిపోయింది. వానకోటు కొస చక్రంలో పడటం నిజంగా జరిగేదే. నిరుడు మా కార్ఖానాలో ఇస్త్రీ చేసే ఆవిడ అలాగే ఎగిరి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. దొంగలు చెప్పే అబద్ధం కూడా సరిగ్గా అలాగే ఉంటుంది, అమ్మా టైరులో గాలి పోతోంది, అమ్మా మీదేదో పడిపోయింది అని ఆపుతారు, ఆగితే అయిపోయినట్టే. మరి నా కోటు కొస చూసుకుంటే తెలియదా అంటే, చూసుకున్నాను, అదెప్పుడో చిరిగి చింపిరైపోయిన కోటు, బురద, గ్రీజు, నిన్నటిదేదో ఇవాళ్టిదేదో దేవుడు కూడా చెప్పలేడు.

ఆ చెయ్యి కనబడగానే నాకు వెల్లుల్లి వాసన వచ్చింది. నిజంగా వచ్చింది, ముక్కుకు. ఇది వీళ్ళెవరికీ చెప్పను. నా మొదటి సైకిలు పట్టుకుపోయినవాడి దగ్గర ఆ వాసన ఉండేది, ఈ వంతెన మీదే, సరిగ్గా నడిమధ్యన, మెడకు కత్తి ఆనించి "దిగమ్మా, దిగు, తొందరగా" అన్నాడు, ఎంత మెల్లిగా అన్నాడో, పిల్లను బడికి లేపుతున్నట్టు. దిగాను. హెల్మెట్ కూడా నేనే ఇచ్చేశాను, అడగకుండానే, సిగ్గులేని చేతులు. ఆ తర్వాత సైకిలు లేని రోజులు. బస్సులో ఒకరి చంకలో ఒకరు ముక్కుపెట్టి నిలబడి, ఇల్లు చేరేసరికి మా డానా నిద్రపోయి ఉండేది, పొద్దున్న నేను బయల్దేరేసరికీ నిద్రలోనే ఉండేది, ఒకే ఇంట్లో ఉండి నా కూతురు నాతో మాట్లాడాలంటే ఆదివారం రావాలి. "అమ్మా, నువ్వు ఆదివారం అమ్మవి" అంది ఒకసారి, నవ్వుతూనే అంది, నాకు మాత్రం గుండెలో కలుక్కుమంది. సైకిలు మళ్ళీ కొన్నాక వెలుగుండగానే ఇల్లు చేరుతున్నాను, అది హోంవర్కు చేస్తుంటే పక్కన కూర్చుని బెల్లం నీళ్ళు కాచి మా అలవాటు ప్రకారం జున్నుముక్క వేసి ఇస్తున్నాను. అదంతా ఈ గుంపు పెట్టిన భిక్ష. గుంపు లేకపోతే వంతెన లేదు, వంతెన లేకపోతే సైకిలు లేదు, సైకిలు లేకపోతే మళ్ళీ ఆదివారం అమ్మను.

"దొరికినోడు మాట్లాడడేంటే?" అంటోంది నూబియా, నాతోనే. "ఇందాకట్నుంచి చూస్తున్నా, మూగమొద్దులా కూర్చున్నాడు." నూబియాను చూస్తే నాకు కోపం రాదు, భయం వేస్తుంది, జాలి కూడా వేస్తుంది. ఆమె తమ్ముణ్ణి ఇక్కడే పొడిచారు, పాత తుక్కు సైకిలు కోసం, ఇప్పుడు అతను కుడిచెయ్యి పైకెత్తలేడు, నూబియానే తల దువ్వుతుంది. ఎవెలియో గారు బ్యాంకుల దగ్గర కాపలా ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, మాకందరికీ ఈలలు ఆయనే కొనిచ్చారు, ఆదివారాలు పార్కులో నిలబెట్టి పాఠాలు చెప్పారు, గోడవారగా తొక్కొద్దు, సంచీ ముందుకు వేసుకోండి, బాటమీద ఎవడైనా పడిపోయి మూలుగుతుంటే ఆగొద్దు, కత్తి చూపిస్తే సైకిలిచ్చెయ్యండి, సైకిలు మళ్ళీ కొనుక్కోవచ్చు ప్రాణం కొనుక్కోలేం. ఆగొద్దు అన్నది నాకు మింగుడుపడేది కాదు. నిజంగా పడిపోయినవాడైతేనో అని అడిగాను ఒకసారి. "నిజంగా పడ్డవాడి అదృష్టం బాలేదనుకోవాలమ్మాయ్" అన్నారు, ఆ మాటంటూ ఆయన కూడా నేల చూపులు చూశారు. మంచి మనిషే. అందరూ మంచివాళ్ళే ఇక్కడ, అదే తంటా.

ఇప్పుడు ఎవెలియో గారు ఫోను జేబులో పెట్టి వాడి ముందు గొంతుక్కూర్చున్నారు. "ఏరా అబ్బాయ్, ఒకటి చెప్పు. ఈ బాట మీద తిరిగేవాడివే అయితే మనవాణ్ణే అని కేకెయ్యాలని తెలీదా?"

"తెలుసండీ."

"మరి అనలేదేం?"

వాడు పెదవి తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు, "నేనంటే మీరు నమ్ముతారా?"

ఇందాకటి కేకల్లో ఎవరూ పట్టించుకోలేదు గానీ, ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది అందరికీ, యాస అది. మాటల చివర్లు మింగేసే యాస, వేడి దేశపు యాస. "అద్గదీ! వెనిజులా వాడు!" అని వెనకనుంచి ఎవరో గట్టిగా అన్నారు, ఇంకెవరో చప్పట్లు కూడా కొట్టారు, సైకిలు బెల్లు ఒకటి మోగింది, అందరికీ ఒక్కసారిగా మనసు కుదుటపడింది, దొంగతనం రుజువైపోయినట్టే. "మన తిండి తిని మనకే ఎసరు పెడతారు" అంది నూబియా. నాకూ కుదుటపడింది, అబద్ధమెందుకు. హమ్మయ్య, దొంగే, నేను ఈల సరిగ్గానే వేశాను అనుకున్నాను. ఆ అనుకోవడం ఎంత హాయిగా ఉందో, తడిసిన మేజోళ్ళు విప్పేసినంత హాయిగా. ఆ హాయి అరనిమిషం కూడా నిలవలేదు.

ఎందుకంటే వాడు చెప్పింది నిజం. నోరు విప్పి మనవాణ్ణే అని ఆ యాసలో అరిచి ఉంటే నేను ఇంకా ముందే ఈల వేసేదాన్ని. అరిస్తే ఒక తప్పు, అరవకపోతే ఇంకో తప్పు, ముందు నుయ్యి వెనక గొయ్యి. మా నాన్న అలాగే మూగవాడైపోయాడు. మా కొండల్లో బంగాళాదుంపలు కుళ్ళిపోయిన ఏడు ఆయన వెనిజులాలోని మరకైబో వెళ్ళాడు, అప్పుడు డబ్బంతా అటుపక్కే ఉండేది, ఇటువాళ్ళం అటు పోయేవాళ్ళం, గోదాంలో మూటలు మోసేవాడు, అక్కడివాళ్ళు కొలంబియా గొంతు వినబడితే చాలు జేబులు తడుముకునేవాళ్ళట. "ఏం మాట్లాడినా దొంగ మాటే అవుతోందే, అందుకని మాట్లాడటం మానేశా" అన్నాడు తిరిగొచ్చాక, మా అమ్మతో. గోదాంలో ఆయన్ని మూగోడా అని పిలిచేవారట. ఇంటికొచ్చాక కూడా ఆ మాటలు పూర్తిగా తిరిగి రాలేదు, ఉప్పు కావాలంటే ఉప్పుడబ్బా కేసి చూసేవాడు, అమ్మ అందించేది, పిల్లలం నవ్వుకునేవాళ్ళం. నవ్వుకునేవాళ్ళం! ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. కానీ ఇలా అనుకుంటే చాలా? నాన్నలాంటివాడు కాబట్టి దొంగ కాదా? దొంగలకు నాన్నలుండరా, వాళ్ళ నాన్నలు మూటలు మొయ్యలేదా? వెల్లుల్లి వాసనవాడు ఇక్కడివాడే, స్వచ్ఛమైన బొగోటా మాట, మర్యాదగా అమ్మా అనే కత్తి పెట్టాడు. ఏ లెక్కా తేలడం లేదు. ఆ చెయ్యి సంచీ మీదికి వచ్చిందా కోటు మీదికి వచ్చిందా? సంచీ ముందుంది కదా, ఎవెలియో గారు చెప్పినట్టు ముందుకే వేసుకున్నాను. మరి వెనక చెయ్యి పెడితే ఏం దొరుకుతుంది? సైకిలు దొరుకుతుంది. నన్ను తోసేస్తే సైకిలు దొరుకుతుంది. తోశాడా? తొయ్యలేదు. తోసే లోపు ఈల వేశానేమో. ఏమో. ఏమో తప్ప ఇంకో మాట లేదు నా దగ్గర.

చీకటి పడుతోంది. పైన పెద్దరోడ్డు మీద బస్సుల లైట్లు వెలిగాయి. పోలీసులు ఇక రారని అందరికీ తెలిసిపోయింది, ఎవరూ పైకి అనడం లేదు, కానీ నిలబడే తీరు మారింది. ఇందాక సైకిళ్ళు పట్టుకుని నిలబడ్డవాళ్ళు ఇప్పుడు సైకిళ్ళు గోడకు చేర్చి చేతులు ఖాళీ చేసుకున్నారు. నూబియా మెడలోంచి గొలుసు తీసి చేతికి చుట్టుకుంటోంది. పోయిన నెల ఎగువ వంతెన దగ్గర ఇంకో గుంపుకు ఇలాగే ఒకడు దొరికాడు. వాడేమయ్యాడు అని అడిగితే, బుద్ధి చెప్పి పంపేశాం అన్నారు, ఎక్కడికి పంపారు అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు, మర్నాడు ఆ వంతెన మెట్లు నీళ్ళు పోసి కడిగినట్టు శుభ్రంగా ఉన్నాయని మాత్రం కార్ఖానాలో అనుకున్నారు. ఆ నెలంతా అక్కడ ఒక్క సైకిలు కూడా పోలేదు. అది కూడా నిజమే.

వాడికీ అర్థమైంది. ఎవరినీ బతిమాలడం లేదు. తన సైకిలు వైపు చూస్తున్నాడు, దాని హ్యాండిలుకు కట్టిన సంచీలో మొక్కజొన్న రొట్టెల పొట్లం, జేబులు వెతికినప్పుడు మావాళ్ళకు అదీ, అద్దం పగిలిన ఫోనూ తప్ప ఇంకేమీ దొరకలేదు. వాడి కాళ్ళ వేళ్ళు చలికి ముడుచుకుపోతున్నాయి. ఆ వేళ్ళను చూడకుండా ఉంటే బాగుండేది.

"మార్లేనీ" అన్నారు ఎవెలియో గారు. గొంతు మామూలుగానే ఉంది, అదే నన్ను భయపెట్టింది. "ఇటు రా అమ్మాయ్. అందరి ముందూ చెప్పు. వీడు నీ మీద చెయ్యి వేశాడా, లేదా? నువ్వెంతంటే అంత."

నేనెంతంటే అంతట. జీవితంలో నన్నెవరూ ఇంత గౌరవించలేదు. వేశాడు అంటే అది అబద్ధం కాదు, చెయ్యి వచ్చింది, నేను చూశాను. తెలియదు అంటే? తెలియదు అన్నది ఇక్కడ జవాబే కాదు, తెలియకుండా ఈలెందుకు వేశావే అంటుంది నూబియా, గొలుసు ఎలాగూ లేస్తుంది, లేచిన గొలుసు తెలియదు అనే మాట వినదు. నా నోరు నాకంటే ముందే తెరుచుకుంది.

"వదిలెయ్యండి. వాడు మనవాడే" అన్నాను.

"ఏంటీ?" అంది నూబియా.

"మా కార్ఖానాలో బెల్కిస్ లేదూ, గుండీలు కుట్టే వెనిజులా పిల్ల, దాని తమ్ముడు. వానలో పోల్చుకోలేదు నేను. ఇప్పుడు చూస్తే... అతనే."

"ఇంతసేపూ కళ్ళెదురుగా కూర్చుంటే ఇప్పుడు గుర్తొచ్చాడా నీకు? పేరు చెప్పు చూద్దాం."

పేరు. నాకు ఒక్క పేరు కూడా తట్టలేదు, లోకంలో మగవాళ్ళ పేర్లన్నీ ఎగిరిపోయాయి, చివరికి నోటికి మా నాన్న పేరే వచ్చింది. "ఓర్లాండో."

ఎవెలియో గారు నా వైపు కాక అతని వైపు చూశారు. "నీ పేరేంట్రా?"

అతను తలెత్తి నన్ను చూశాడు, మొదటిసారి. ఆ చూపులో కృతజ్ఞత ఉంటుందనుకున్నాను, పిచ్చిదాన్ని. "ఓర్లాండో" అన్నాడు.

ఎవరూ నమ్మలేదు. నమ్మలేదని అందరి మొహాల్లోనూ రాసి ఉంది. కానీ దెబ్బతిన్నానని చెప్పుకోవాల్సింది నేను, నేనే కాదంటే ఎవరి తరఫున కొడతారు, ఆ చిక్కు వాళ్ళ చేతులు కట్టేసింది. నూబియా గొలుసు మళ్ళీ మెడలో వేసుకుంది. "రేపు నీ పీక కోసిననాడు కూడా ఇలాగే మనవాడే అనవే" అంది, అని ఏడ్చింది, నూబియా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నేను ఆమె చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. ఎవెలియో గారు అరచెయ్యి చాపారు. మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత మెడలోంచి ఈల తీసి ఆ చేతిలో పెట్టాను.

"ఈలంటే ఆటకాదమ్మాయ్. నువ్వు ఊదితే వీళ్ళు ప్రాణాలకు తెగించి వస్తారు. వచ్చాక ఊరికే అంటే, రేపు నిజంగా ఊదినదానికీ రారు" అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేది. "రేపట్నుంచి మాకోసం చూడకు."

గుంపు సైకిళ్ళెక్కింది. ఒకరి వెనక ఒకరు, వెనక ఎర్రలైట్లు వెలిగించుకుని, వంతెన ఎక్కిపోయారు, ఇనుపరేకుల మీద టైర్ల మోత కాసేపు వినబడింది, తర్వాత అదీ పోయింది. డానా ఇప్పుడు కిటికీ దగ్గర నిలబడి ఉంటుంది. రేపట్నుంచి బస్సు. లేదా ఒక్కదాన్నే వంతెన. అది రేపటి మాట, ఇవాళ ఇల్లు ఇంకా అవతలి ఒడ్డునే ఉంది, ఈ పొడుగాటి చీకటి వంతెన దాటాలి. అతను లేచి నిలబడ్డాడు. ఒక్క క్షణం నాకు మళ్ళీ భయం వేసింది, చుట్టూ ఎవరూ లేరు, ఈల కూడా లేదు, నిజంగానే దొంగైతే ఇంతకంటే మంచి అదను దొరకదు. ఎంత వెధవ భయమో చూడు, ఒక మనిషిని కాపాడిన మరుక్షణం వాడు నన్నేం చేస్తాడోనని. అయినా గొంతు సవరించుకున్నాను.

"పద నాయనా" అన్నాను. "ఇద్దరం కలిసి దాటుదాం. ఒక్కడివే వెళ్ళకు, మధ్యలో దీపాల్లేవు."

అతను సైకిలు తీసుకున్నాడు. ఎక్కలేదు. తనకూ నాకూ మధ్యన అడ్డంగా నిలబెట్టుకున్నాడు, హ్యాండిలు రెండు చేతులా బిగించి పట్టుకుని. మీదికొచ్చేవాడికీ మనకూ మధ్యన సైకిలు ఉండాలని సైకిలు తొక్కేవాళ్ళందరికీ నేర్పుతారు. నేను ఒకడుగు ముందుకేస్తే అతను సైకిలుతో సహా ఒకడుగు వెనక్కి వేశాడు.

"మీరు ముందు వెళ్ళండమ్మా. మీరు అవతల దిగిపోయాక నేను వస్తాను."

"పిచ్చివాడా, ఒంటరిగా ఎలా వస్తావు? పైన దొంగలుంటారు."

"దొంగలైతే సైకిలు తీసుకుని వదిలేస్తారు" అన్నాడు.

నేను సైకిలెక్కి తొక్కాను. వెనక్కి తిరిగి చూస్తే ఇంకా భయపడతాడని చూడలేదు.